కాలి మీటలు - కట్టుబాటు

కళాశాల వార్షిక సంచికలో ప్రబంధ కవుల గురించి, గజల్ పుట్టుక గురించి, పరీక్షా విధానంలోని లోపాల గురించి వ్యాసాలు రావడం పరిపాటి. ఈసారి మేము గిటారు వాయించే విద్యార్థి కాలి కింద ఉండే మీటల గురించి వ్రాయ సంకల్పించాము. తెలుగు బోధించే వారికి ఈ మీటలతో పని ఏమిటని పాఠకులు అడుగవచ్చు. కళాశాల సాంస్కృతిక విభాగం బాధ్యత మా మీద ఉండడం ఒక కారణం. గత వార్షికోత్సవం నాడు జరిగిన ఒక చిన్న ఘటన, దాని దరిమిలా తలపెట్టిన ఒక నిర్ణయం రెండవ కారణం. ఆ నిర్ణయం అమలులోకి రాకముందే మా అభిప్రాయాన్ని కమిటీ పెద్దల ముందు, విద్యార్థుల ముందు ఉంచడం మా విధి అని భావిస్తున్నాము.

ముందుగా వస్తువును గురించి రెండు మాటలు. ఎలెక్ట్రిక్ గిటారు తీగె ఇచ్చే నాదం స్వతహాగా పలుచనైనది. దానిని గరుకుగా మార్చడానికి, ప్రతిధ్వనింపజేయడానికి, అలలవలె కదిలించడానికి విద్యుత్ పరికరాలు పుట్టినవి. వాయించేవానికి రెండు చేతులలో ఏదీ తీరికగా ఉండదు కనుక ఆ పరికరాలను నడిపే పని కాలికి సంక్రమించింది. ఇది మనకు మరీ కొత్త సంగతి కాదు. మన పద్యనాటకాల వేదిక పక్కన కూర్చుండి, కాళ్ళతో తిత్తులు తొక్కుతూ చేతులతో మెట్లు పలికించిన హార్మోనిస్టులను చూచిన పెద్దలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. పాశ్చాత్య దేశాలలో 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అనే కాలి పెట్టె వెలువడింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం తమ 'సాటిస్‌ఫాక్షన్' పాటలో దానిని వినియోగించిన తరువాత అది లోకప్రసిద్ధమైంది. 1977లో జపానులోని బాస్ సంస్థ చిన్న చిన్న కాలి పెట్టెలను విపణిలోకి తెచ్చింది. ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క గుణం, ఒక్కొక్క మీట. వాద్యకారుడు తనకు కావలసిన వాటిని ఒక పలక మీద తనకు అనువైన వరుసలో బిగించుకునేవాడు. ఆనాడు అమరిక అంటే పట్టీలతో, తీగెలతో చేసే పని. ఒకసారి బిగించిన దానిని మరొకడు తెలియకుండా మార్చగలగడం అంత సులభం కాదు.

డిజిటల్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ వచ్చిన తరువాత పరిస్థితి మారిపోయింది. ఇరవై ముప్పై పెట్టెల పని ఒకే యంత్రం గణిత రూపంలో చేసిపెడుతుంది. పాత పెట్టెలో మీటకూ గుణానికీ మధ్య తీగె ఉండేది. కొత్త యంత్రంలో ఆ తీగె లేదు. ఏ మీట నొక్కితే ఏమి జరగాలన్నది యంత్రపు జ్ఞాపకంలో వ్రాసి ఉంటుంది. వ్రాసినదానిని చెరిపి మరల వ్రాయవచ్చు. 2015లో వచ్చిన లైన్ సిక్స్ వారి హీలిక్స్ యంత్రంలో 12 మీటలు ఉన్నవి. పెక్కు మీటలకు రంగు మార్చుకునే దీపపు వలయం, వాటి పేరు చూపే చిన్న తెర ఉన్నవి. అదే సంస్థ 2018లో తెచ్చిన హెచ్ఎక్స్ స్టాంప్ యంత్రంలో ఉన్నవి 3 మీటలే. న్యూరల్ డీఎస్పీ వారి క్వాడ్ కార్టెక్స్ యంత్రంలో 11 మీటలు ఉన్నవి. వాటిని కాలితో నొక్కవచ్చు, వంగి చేతితో తిప్పవచ్చు. మీటల సంఖ్య ఎంతైనా అన్నిటికీ ఒక సమాన ధర్మం ఉన్నది. ఏ మీటకు ఏ పని అన్నది తయారు చేసినవాడు చివరి మాటగా చెప్పడు; ఆ మాట వాయించేవానికి విడిచిపెడతాడు.

ఈ స్వేచ్ఛను మూడు విధాలుగా వాడుకోవచ్చు. మొదటిది, ఒక మీటకు ఒక గుణం. ఒకటి నొక్కితే డిస్టార్షన్, మరొకటి నొక్కితే డిలే. పాత పెట్టెల పద్ధతి ఇదే. రెండవది, ఒక మీటకు ఒక పూర్తి ప్రీసెట్. పల్లవికి ఒక నాదం, చరణానికి ఒక నాదం ముందుగానే సిద్ధం చేసుకొని ఒక్క అడుగుతో ఒకదాని నుండి మరొకదానికి వెళ్ళడం. ఇందులో సౌలభ్యం ఉన్నది కాని పెక్కు యంత్రాలలో ఒక ప్రీసెట్ విడిచి మరొకటి అందుకొనే సమయంలో రెప్పపాటు నిశ్శబ్దం వస్తుంది. సాగుతున్న ప్రతిధ్వని తెగిపోతుంది. మూడవది, ఒకే ప్రీసెట్ లోపల వేరు వేరు స్థితులను నిలువజేసుకొని ఒక్కొక్క మీటకు ఒక్కొక్క స్థితిని ఇవ్వడం. హీలిక్స్‌లో వీటిని స్నాప్‌షాట్లు అంటారు, క్వాడ్ కార్టెక్స్‌లో సీన్లు అంటారు. గుణాలన్నీ ముందే యంత్రంలో సిద్ధంగా ఉంటవి కనుక మార్పు సాఫీగా జరుగుతుంది. ఇవి గాక ఒకసారి నొక్కితే నిలిచిపోయే మీట, నొక్కి ఉంచినంత సేపే పనిచేసే మీట అనే భేదం కూడా ఉన్నది. ఒకే మీటతో రెండు మూడు పనులను ఒక్కసారి జరిపించనూ వచ్చును. ఇన్ని మార్గాలు ఉన్నప్పుడు ఇద్దరు వాద్యకారుల అమరికలు ఒకే విధంగా ఉండవలెనని ఆశించడం అసంగతం.

ఇక జరిగిన విషయం. మన కళాశాల సంగీతపు గదిలో రెండు వరుసలలో ఆరు మీటలు గల యంత్రం ఒకటి ఉన్నది. దానిని నలుగురైదుగురు విద్యార్థులు పంచుకుంటారు. వారిలో ఒకడు బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థి. పేరు వ్రాయడం లేదు. చిన్ననాటి ప్రమాదంలో అతని కుడికాలు బలహీనపడింది. అతడు కుర్చీలో కూర్చుండి ఎడమకాలితోనే మీటలు నొక్కుతాడు. కుడిచివర ఉన్న రెండు మీటలు అతనికి అందవు. అందువల్ల అతడు తన పాటకు అవసరమైన మూడు నాదాలను ఎడమకు, మధ్యకు తెచ్చుకున్నాడు. ట్యూనర్ మీటను మాత్రం కుడిచివరకు పంపినాడు. శ్రుతి చూచుకొనేటప్పుడు శబ్దం బయటికి రాకుండా ట్యూనర్ నాదాన్ని మూసివేస్తుంది. పాట మధ్యలో పొరపాటున కాలికి తగలకూడదని అతని ఆలోచన. ఆ అమరికతో అతడు ఆరు వారాలు సాధన చేసినాడు.

వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం మరొక విద్యార్థి తన అంశం కోసం అదే యంత్రాన్ని తీసుకున్నాడు. ఎడమవైపు కింది మీటలో ట్యూనర్ ఉండడం అతనికి అలవాటు. ఇంట్లో అతని సొంత యంత్రంలో అది అక్కడే ఉన్నది. కనుక మార్చుకున్నాడు. మరునాడు తన అంశం ముగించి దిగిపోయినాడు. అతనిలో దురుద్దేశం లేశమైనా లేదని మేము హామీగా చెప్పగలము. తరువాత మన విద్యార్థి వేదిక మీదికి వచ్చినాడు. రెండవ చరణం ముందు గరుకైన నాదం కోసం ఎడమవైపు కింది మీట నొక్కినాడు. గిటారు మూగబోయింది. తిరిగి నొక్కగా శబ్దం వచ్చింది కాని కావలసిన నాదం రాలేదు. తడబడి పక్క మీట నొక్కినాడు. అదికూడా తాను ఉంచినది కాదు. సభలో వెనుక వరుసల నుండి ఈలలు వినవచ్చినవి. అతడు పాట పూర్తిచేసినాడు కాని దీపాలు ఆరిన తరువాత కూడా చాలాసేపు కుర్చీలో నుండి లేవలేదు. ఆనాటి నుండి సంగీతపు గదికి రావడం మానినాడు.

ఈ విషయంలో మా తప్పు కూడా ఉన్నది. యంత్రం ఇచ్చి పుచ్చుకొనే రిజిస్టరులో సంతకం మాది. యంత్రం గదికి తిరిగి వచ్చినదా అని చూచినాము. ఎట్లా తిరిగి వచ్చినదో చూడలేదు. కుర్చీ, బల్ల, మైకు విషయంలో ఈ పద్ధతి చాలును. జ్ఞాపకం గల యంత్రం విషయంలో చాలదు.

ఘటన తరువాత రెండు వాదాలు బయలుదేరినవి. కమిటీలో కొందరు పెద్దలు, యంత్రాన్ని కొన్ననాటి స్థితికి మార్చివేయాలని, ఇకమీదట మీటల అమరికను ఎవరూ ముట్టరాదని, ముట్టినవారికి జరిమానా విధించాలని ప్రతిపాదించినారు. విద్యార్థులలో కొందరు అందుకు ఎదురుగా, యంత్రం ఇచ్చిన స్వేచ్ఛను కాదనడానికి మనమెవరమని, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు తమ ఇష్టప్రకారం మార్చుకోవచ్చునని అంటున్నారు. ఈ రెండు వాదాలూ ఒకే విద్యార్థికి అన్యాయం చేస్తున్నవని మా అభిప్రాయం.

మొదటి వాదాన్ని పరిశీలిద్దాము. కొన్ననాటి అమరిక అందరికీ సమానమైనదని, ఎవరి పక్షమూ వహించనిదని పెద్దలు భావిస్తున్నారు. కాని అది కూడా ఒకరు ఆలోచించి చేసిన అమరికే. రెండు కాళ్ళ మీద నిలుచుని, ఒక కాలిని నిరాయాసంగా ఏ మూలకైనా చాచగలవానిని ఊహించుకొని చేసినది. అట్టివానికి అది సమానమే. మన బి.కాం. విద్యార్థికి మాత్రం అది తాళం వేసిన తలుపు. జరిగిన పొరపాటులో నష్టపోయినవాడు అతడు. ఆ పొరపాటును సరిదిద్దే పేరుతో చేయబోయే నియమం వల్ల శాశ్వతంగా నష్టపోయేవాడు కూడా అతడే. దీనిని న్యాయమని అనలేము. పైగా యంత్రాన్ని కొన్ననాటి స్థితికి తెచ్చే ఆ ఒక్క ఆజ్ఞతో విద్యార్థులు నెలల తరబడి చెవి పెట్టి కూర్చుకున్న ప్రీసెట్లు కూడా తుడిచిపెట్టుకొని పోతవి. నకలు తీయకుండా ఆ పని చేయడం గ్రంథాలయంలో ఒక పుస్తకం తారుమారైనదని బీరువాలన్నీ ఖాళీ చేయడం వంటిది.

రెండవ వాదం వినడానికి ఇంపుగా ఉన్నది కాని అందులో ఒక మరపు ఉన్నది. కాలి మీటను కంటితో చూచి నొక్కేవాడు సాధకుడు కాడు. వేదిక మీద వెలుతురు తక్కువ, దృష్టి తీగెల మీద, తాళం నడుస్తూ ఉంటుంది. అప్పుడు కాలికి తెలిసిన చోటే కాలు పడుతుంది. చిన్న తెరలు, రంగుల దీపాలు సహాయం చేస్తవి కాని అవి చదవడానికి పట్టే సమయం పాట ఇవ్వదు. కాబట్టి అమరిక అనేది యంత్రంలో సగమే ఉంటుంది. మిగిలిన సగం వాయించేవాని కాలిలో ఉంటుంది. యంత్రంలోని సగాన్ని ఒక నిమిషంలో మార్చవచ్చు. కాలిలోని సగం మారడానికి వారాలు పడుతుంది. ఇతరుని అమరికను చెప్పకుండా మార్చినవాడు అతని ఆరు వారాల సాధనను చెరిపినట్లే.

స్వేచ్ఛ వద్దని మేము అనడం లేదు. ఛందస్సు చదివిన విద్యార్థులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఉత్పలమాలలో యతి 10వ అక్షరం మీద, చంపకమాలలో 11వ అక్షరం మీద పడుతుంది. ఏ పద్యం వ్రాయాలో ఎంచుకోవడం కవి ఇష్టం. ఎంచుకున్న తరువాత ఆ చోటు కదలదు. కదలదు కనుకనే కవి ప్రతి పాదంలో దానిని వెదకుకోకుండా భావం మీద మనసు నిలుపగలుగుతాడు. ఉర్దూ శాఖ మిత్రులు ఇదే విషయాన్ని కాతిబు పనితో పోల్చినారు. వెనుకటి లేఖకులు కాగితం మీద కలం పెట్టక ముందు దారాలు బిగించిన మిస్తర్ పలక మీద కాగితాన్ని ఒత్తి గీతలు తీసుకునేవారు. ఆ గీతలు చదువరికి కనబడవు. అక్షరాలు మాత్రం వాటి మీదనే నడుస్తవి. మీటల అమరిక కూడా వాద్యకారునికి మిస్తర్ వంటిదే. దానిని గీసుకోవడంలో స్వేచ్ఛ ఉండవలె. గీసిన తరువాత నిలకడ ఉండవలె.

ఈ నిలకడ కోసం విద్యార్థి మిత్రులు పాటించదగిన కొన్ని సూత్రాలు మా పరిశీలనలో తేలినవి. పాటలో ఎక్కువసార్లు నొక్కవలసిన మీట కాలికి అతి దగ్గరలో, కింది వరుసలో ఉండవలె. పై వరుసను అందుకొనేటప్పుడు కింది మీట తగిలే ప్రమాదం ఉన్నది కనుక పై వరుసలో తొందర లేని పనులను ఉంచవలె. నాదాన్ని మూసివేసే ట్యూనర్, వాయించినదానిని పట్టి మరల మరల వినిపించే లూపర్ వంటివి ముఖ్యమైన మీటకు పొరుగున ఉండరాదు. ఒక మీట తప్పి పక్క మీట నొక్కినా శ్రోతకు పెద్ద తేడా తెలియని విధంగా ఇరుగుపొరుగులను ఎంచుకోవలె. ఒక ప్రీసెట్‌లో డిస్టార్షన్ ఏ మీట మీద ఉన్నదో తన ఇతర ప్రీసెట్లలో కూడా అది అక్కడే ఉండవలె. ఇది యంత్రం తనంతట చేయదు. వాయించేవాడు పూని చేసుకోవలె. వేదిక మీద వేసుకొనే చెప్పులతోనే సాధన చేయవలె. వట్టి కాలికి అందిన దూరం బూటు కాలికి వేరుగా ఉంటుంది. చివరగా, కళ్ళు మూసుకొని పాట మొత్తం నొక్కగలిగిన నాడే ఆ అమరిక కుదిరినట్లు.

ఇంకొక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. మార్చవచ్చును కదా అని ప్రతి సాయంత్రం మీటలను మార్చుకుంటూ కూర్చునే విద్యార్థులను మేము చూచినాము. గంటన్నర అమరికకు, పావుగంట వాద్యానికి పోతుంది. కలానికి పాళీలు మార్చుతూ కూర్చునేవాడు ఉత్తరం వ్రాయడు. పాటకు మూడు నాదాలు చాలునంటే మూడు మీటలే వాడి తక్కినవి ఖాళీగా ఉంచడంలో చిన్నతనం లేదు.

కళాశాల పక్షాన చేయవలసినదానికి ఒక ఉదాహరణ మన కార్యాలయంలోనే ఉన్నది. ఒకే కంప్యూటరు మీద ఒక గుమాస్తా తెలుగు అక్షరాలు, మరొకరు ఉర్దూ అక్షరాలు కొడుతున్నారు. తెలుగులో సైతం ఒకరు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కొడితే మరొకరు వేరొక పద్ధతిలో కొడతారు. ఒకరి పద్ధతి మరొకరికి అడ్డు రావడం లేదు. ఎవరి అమరిక వారి పేరుతో నిలిచి ఉన్నది. కూర్చున్నవారు తమది ఎంచుకుంటారు, ఎదుటివారిది ముట్టరు. అదే పద్ధతి సంగీతపు గదికి ఎందుకు పనికిరాదు?

కావున కమిటీ పెద్దలకు మేము చేసే విన్నపం ఇది. యంత్రంలోని స్థానాలను విద్యార్థుల పేర పంచి, ఎవరి అమరికను వారు తమ స్థానంలోనే నిలువజేసుకొనే ఏర్పాటు చేయవలె. మీటల పనులలో కొన్ని యంత్రమంతటికీ వర్తిస్తవి, కొన్ని ఆయా ప్రీసెట్‌కు మాత్రమే వర్తిస్తవి. యంత్రమంతటికీ వర్తించే వాటిని మార్చే అధికారం సాంస్కృతిక విభాగానికి ఉండవలె. ప్రీసెట్‌కు పరిమితమైన వాటిపై పూర్తి హక్కు విద్యార్థికి ఉండవలె. మొన్న జరిగిన పొరపాటు ఈ రెంటి భేదం తెలియకపోవడం వల్లనే జరిగింది. నెలకు ఒకసారి యంత్రపు జ్ఞాపకాన్ని కంప్యూటరులోకి నకలు తీయవలె. రిజిస్టరులో ప్రతి విద్యార్థి అమరికను ఆరు గడుల పటంగా గీసి అంటించవలె. ప్రదర్శనకు ముందు అరగంట సమయం ప్రతి వాద్యకారునికీ ఇచ్చి తన మీటలను తానే నొక్కి చూచుకోనీయవలె. వీటిలో దేనికీ కళాశాల నిధి నుండి చెప్పుకోదగిన ఖర్చు లేదు. జరిమానా అవసరం అసలే లేదు.

విలువైన యంత్రాన్ని పిల్లల చేతికి ఇచ్చి ఇష్టం వచ్చినట్లు మార్చుకోనిస్తే పాడైపోదా అని కొందరు పెద్దలు సందేహించవచ్చు. అమరిక మార్చడం వల్ల యంత్రానికి దెబ్బ తగలదు. నకలు ఉన్నంతవరకు చెరిగినది తిరిగి వస్తుంది. కాని ఈలల మధ్య కుర్చీలో కూర్చుండిపోయిన విద్యార్థి మనసుకు నకలు లేదు.

మేము గతవారం అతని ఇంటికి వెళ్ళి మాట్లాడినాము. తన అమరిక ఇంకా యంత్రంలో ఉన్నదా అని ఒక్క ప్రశ్న అడిగినాడు. ఉన్నది. అతని ప్రీసెట్లను ఎవరూ చెరపలేదు. ఎడమ మీటను మేమే స్వయంగా పూర్వపు పనికి మార్పించినాము. ఆరు గడుల పటం గీయించి రిజిస్టరు మొదటి పుటలో అంటించినాము. కమిటీ వారు తమ ప్రతిపాదనను పునరాలోచించే వరకు దానిని చెరపవద్దని మాత్రమే మా ప్రార్థన.